బాప్తిస్మం తీసుకున్న యూదులను కూడా నాజీలు ఎందుకు వదలలేదు?

జర్మన్ క్రైస్తవ మతసంస్కర్త మార్టిన్ లూథర్ కాలపు ద్వేషాన్నీ నాజీల ద్వేషాన్నీ ఒకే గాటన కట్టడం వల్లే మీకు ఈ చిక్కు వచ్చింది.

1. 1543లో సినగాగులను, అంటే యూదుల ప్రార్థనా మందిరాలను, తగలబెట్టమని లూథర్ రాశాడు. దారుణమే. కానీ అది మతద్వేషం, మతం మారితే తలుపు తెరుచుకునేది. యూదుడిగా పుట్టిన జర్మన్ కవి హైనే 1825లో బాప్తిస్మం తీసుకున్నది అందుకే.

2. అందరూ దాటేసే మెట్టు 1879. ఆ ఏడాది బెర్లిన్‌లో యూదు వ్యతిరేక సంఘం పెట్టిన విల్‌హెల్మ్ మార్, తగాదా మతానిది కాదు, జాతిది అన్నాడు. నేరం రక్తం మీద మోపాక బాప్తిస్మం ఏం చేయగలదు?

3. యూదుడెవరో తేల్చడానికి నాజీలు ఇచ్చిన 1935 నవంబరు ఉత్తర్వు చూడండి. తాతలు ఇద్దరు, అమ్మమ్మ, నానమ్మ: ఈ నలుగురిలో ముగ్గురు యూదులైతే మనిషి యూదుడే. ఆ తాత యూదుడని ఎలా తేల్చారు? యూదు మతసంఘంలో సభ్యుడా అని చూసి! రక్తానికి రుజువు లేక మతాన్నే పట్టుకున్నారు.

కేథలిక్ సన్యాసిని ఎడిత్ స్టెయిన్‌ను 1942లో నాజీల ఆష్‌విట్జ్ మరణశిబిరంలో చంపారు. ఆమె పుట్టింది యూదు కుటుంబంలో.