పాత రోడ్డును వెడల్పు చేసేముందు

చిరంజీవికి ఆశీస్సులు.

పల్లె రోడ్డును హైవేగా పెంచే పని చేతికొచ్చిందని రాశావు, సంతోషం. డ్రాయింగు మొదలుపెట్టకముందే ఆ రోడ్డును తవ్వి చూడు. అలాంటి రోడ్డు ఒక్కసారిగా వేసింది కాదు. బండ్ల బాట మీద గ్రావెల్, దాని మీద కంకర, ఆ పైన తారు, అవసరం పడ్డప్పుడల్లా ఒక్కో పొర. రికార్డుల్లో దొరికేది అందులో సగమే.

అర కిలోమీటరుకో గుంత తీయించు, ఒకటి ఎడమ అంచున, తర్వాతిది కుడి అంచున. మీటరు పొడవు, మీటరు వెడల్పు. కంకర అడుగు దాటాక మట్టిలోకి ఇంకో అర మీటరు దిగాలి. గుంత గోడను పారతో చెక్కించి దగ్గరగా చూడు. పైన తారు రెండు మూడు పొరలుగా కనిపిస్తుంది. కొత్తది నిగనిగలాడుతుంది, పాతది గోటితో గీరితే పొడిగా రాలుతుంది. కింద కంకర సందుల్లో చెమ్మగా, జిగురుగా మట్టి ఉందంటే అడుగునున్న బంకమట్టి పైకి ఎక్కిందన్నమాట. టేపు 15 సెంటీమీటర్లు చూపించినా ఆ కంకర మొత్తాన్నీ బలంలో లెక్కేయకు. ఇంకా కింద నిలబెట్టి పేర్చిన పెద్ద రాళ్లు తగిలితే అది సోలింగు, టెల్ఫర్డ్ పద్ధతి. 19వ శతాబ్దం తొలినాళ్లలోనే స్కాట్లాండ్ రోడ్ల ఇంజినీరు మెకాడమ్ అదేం అక్కర్లేదన్నాడు. 170 గ్రాములు మించని చిన్న రాళ్లు చాలు, బరువు మోసేది అడుగు మట్టే, దాన్ని పొడిగా ఉంచండి అన్నాడు. చిన్న రాళ్లు అందరికీ గుర్తున్నాయి, పొడిగా ఉంచడమే ఎవరికీ గుర్తుండదు.

అడుగు మట్టి బలానికి డీసీపీ పెట్టు, అంటే సుత్తి దెబ్బలతో ఇనుప కోనును మట్టిలోకి దింపి చూసే పరికరం. 8 కిలోల సుత్తి 575 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి పడుతుంది, దెబ్బకు కోను ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో రాసుకుంటూ పోవాలి. ఎండల్లో వచ్చిన అంకెలు నమ్మకు, వానలయ్యాక మళ్లీ కొట్టించు. గుంత పూడ్చేటప్పుడు 15 సెంటీమీటర్ల పొరల్లో తడిపి దిమ్మిస కొట్టించాలి, లేకపోతే అక్కడే రోడ్డు కుంగుతుంది.

అసలు తంటా పాతా కొత్తా కలిసేచోట వస్తుంది. పాత రోడ్డు కట్ట వాలు మీద గడ్డితో సహా మట్టి పోసేస్తారు. రెండు వానలకు కొత్త భాగం కిందికి జారి, అతుకు వెంట పొడుగునా పగులు వస్తుంది. తారు పోసి పగులు పూడ్చినా లాభం లేదు, అడుగున జారుడు ఆగదు కదా. గడ్డీ పైమట్టీ తీసేసి, వాలును కనీసం 30 సెంటీమీటర్ల వెడల్పున్న మెట్లుగా కోయించు. ఒక్కో పొర అణిగాక 20 సెంటీమీటర్లు దాటకూడదు. మట్టిని పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, చేతికి నీళ్లు అంటకూడదు. పెంచే పట్టీ రోలరు కంటే సన్నగా ఉంటే పాత కట్టను లోపలికి కోసి రోలరుకు చోటు చెయ్యి. చేత్తో కొట్టి సరిపెడతామంటే ఒప్పుకోకు. అతుకు మాత్రం లారీ చక్రాలు నడిచే గీత మీద పడకూడదు.

తర్వాత నీళ్లు. పాత బర్మ్, అంటే తారు పక్కనుండే మట్టి అంచును అలాగే వదిలేసి మధ్యలో కంకర నింపితే అది తొట్టె అవుతుంది. దిగిన నీటికి దారి ఉండదు. అడుగు కంకర పొరను కట్ట వాలు దాకా తీసుకుపో. 7 మీటర్ల తారు రోడ్డుకు 2.5 శాతం క్యాంబర్ (నడుము నుంచి అంచుకు వాలు) అంటే అంచు కంటే నడుము 8.75 సెంటీమీటర్లు ఎత్తుండాలి. బర్మ్ అంతకంటే ఎక్కువ వాలాలి.

ట్రాఫిక్ లెక్కలో బైకులూ కార్లూ ఎన్నున్నా పొరల మందానికి వాటితో పనిలేదు. 1958-60లో అమెరికాలో ఆషో (అక్కడి రాష్ట్రాల హైవే అధికారుల సంఘం) జరిపిన రోడ్డు పరీక్ష తేల్చిందిదే: ఇరుసు బరువు రెట్టింపైతే నష్టం దాదాపు 16 రెట్లు. పైగా రోడ్డు బాగుపడగానే పక్క దారిలో పోయే లారీలు ఇటు తిరుగుతాయి. ఆ దారిలోనూ లెక్కపెట్టించు.

వంపులు సరిచేసే ముందు అక్కడ బాట ఎందుకు తిరిగిందో ఊళ్లో పెద్దవాళ్లను అడుగు. తరచూ జవాబు ఊబి నేలో, గట్టి రాయో అవుతుంది. వరదలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో కూడా అప్పుడే అడిగి, కల్వర్టు గోడ మీద గుర్తు పెట్టించు. పాత తూము సైజునే పొడిగించేస్తే చాలదు.

గుంతల ఫోటోలు తీసేటప్పుడు టేపు నిలబెట్టి, పలక మీద కిలోమీటరు అంకె రాసి పక్కన పెట్టు. పంపితే చూస్తాను.