సందేహాలు – సమాధానాలు: మంత్రబద్ధులా, మంత్రబంధితులా?

సందేహం: ఒక ఆంగ్ల ఫాంటసీ నవలను తెలుగులోకి తెస్తున్నాను. అందులో ఒక యోధుడూ ఒక మాంత్రికురాలూ మంత్రం వల్ల ఒకరికొకరు ముడిపడిపోతారు. ఒకరికి దెబ్బ తగిలితే రెండోవారికి నొప్పి పుడుతుంది. పోట్లాడుకుంటూనే ప్రేమలో పడతారు. వీరిని ‘మంత్రబద్ధ భాగస్వాములు’ అన్నాను. ప్రచురణకర్త ‘మంత్రబంధిత’ అని దిద్దారు. ఏది సాధువు? – ఒక అనువాదకురాలు

సమాధానం: రెండూ సాధువులే. ‘కట్టు’ అని అర్థమిచ్చే సంస్కృత ధాతువు బంధ్‌కు నేరుగా క్త ప్రత్యయం చేరితే బద్ధ, ‘కట్టించు’ అనే ప్రేరణార్థకం మీద చేరితే బంధిత. కట్టుపడినవాడు బద్ధుడు, ఎవరో కట్టించగా పడినవాడు బంధితుడు. మీ కథలో ఆ మంత్రం వారే వేసుకున్నారో, మరొకరు వేశారో మీరు రాయలేదు. మరొకరు వేసి ఉంటే మీ ప్రచురణకర్త తెలిసో తెలియకో మంచి పనే చేశారు. అయితే ‘బంధితుడు’ అనగానే నేటి పాఠకుడికి జైలు ఊచలు కనిపిస్తాయి. ‘బద్ధులు’ అంటే, క్షమించాలి, నాకు బద్ధకం గుర్తుకొస్తుంది.

నా పేచీ రెండో మాటతో. భాగస్వామి అంటే వాటాదారు. 1932 నాటి భాగస్వామ్య చట్టం కింద బియ్యం మిల్లు పెట్టుకున్నవారు భాగస్వాములు. పెళ్లి ప్రకటనల పుణ్యమా అని ఈ మాట ‘జీవిత’ను ముందు తగిలించుకుని ఇంట్లోకి కూడా వచ్చి కూర్చుంది. తోడు, జోడు, జత, జంట అన్నీ ఉండగా లెక్కల పుస్తకంలోంచి మాట తెచ్చి ప్రేమికుల నెత్తిన పెట్టడం ఎందుకమ్మా?

ఇక అసలు మాటకు వద్దాం. మంత్రానికీ మనువుకూ కలిపి తెలుగువాడు ఏనాడో ఒక క్రియ పెట్టుకున్నాడు: కట్టు. ఇల్లు కట్టడం, పన్ను కట్టడం, పాట కట్టడం అందరికీ తెలిసినవే, వాటిని వదిలేద్దాం. ‘కనికట్టు’ చూడండి. కన్ను, కట్టు కలిసిన మాట ఇది. తమిళంలో ‘కణ్‌కట్టు’, కన్నడంలో ‘కణ్కట్టు’. అక్కడా గారడీయే. అంటే చూపును కట్టేయడమే ఇంద్రజాలమన్న ఊహ మనం ఇరుగుపొరుగులతో పంచుకున్న పాత ఆస్తి. చిన్నప్పుడు మా ఊరి సంతలో గారడివాడు మామిడి టెంకెను మట్టిలో గుచ్చి, బుట్ట బోర్లించి, డోలు వాయిస్తూ చుట్టూ తిరిగేవాడు. బుట్ట తీస్తే ఎర్రటి చిగురు! ‘అది చిగురు కాదురా, మన కళ్లు కట్టేశాడు’ అనేవాడు మా తాత. గంతలేమైనా ఉన్నాయేమోనని నేను కళ్లు తడిమి చూసుకునేవాణ్ణి. పామువాడు పాము నోరు కడతాడు, భూతవైద్యుడు తాయెత్తు కడతాడు, దిక్కులు కడతాడు. అన్నిటికీ అదే క్రియ.

ఇప్పుడు పెళ్లిపీటల దగ్గరికి రండి. పురోహితుడు ‘మాంగల్యం తంతునానేన’ చదువుతుంటే తాళి కడతారు. (అది వేదమంత్రం కాదు, శ్లోకమని ఉత్తరాలు రాయకండి. తెలుసు.) మణికట్టుకు కంకణం కడతారు, కొంగులకు బ్రహ్మముడి వేస్తారు. ఆ మర్నాటి నుంచి అతను ‘కట్టుకున్నవాడు’, ఆమె ‘కట్టుకున్నది’. మంత్రంతో కట్టుపడిన జంట మీ నవలలో వింత కావచ్చు, మన పెళ్లి పందిట్లో కాదు.

కానీ మంత్రంతో ప్రేమ పుడుతుందా? దీని మీద నాకు ఎర్రన మాటే ప్రమాణం. అరణ్యపర్వశేషంలో సత్యభామ ద్రౌపదిని అడుగుతుంది: అయిదుగురు మగలూ నీ చెప్పుచేతల్లో ఉన్నారే, మందా, మంత్రమా అని. ద్రౌపదికి చిర్రెత్తుకొస్తుంది. మంత్రతంత్రాలతో, మందులతో ‘వలతురు నాథులంట మగువా! కడు బేలతనంబు’ అని కసురుతుంది. అంతటితో ఆగదు. ముందున్న ప్రేమ కూడా పోతుందనీ, అలాంటి ఇంతితో బతుకును మగడు నిత్యం ‘అహిపొత్తు’గా చూస్తాడనీ అంటుంది. అహిపొత్తు, అంటే పాముతో పొత్తు! పక్కలో పాముందని తెలిసినవాడు కన్ను మూస్తాడా? సంస్కృత మూలంలోనూ ఇంట్లో పాము ఉంది. కానీ ‘పొత్తు’ అన్న మాటలోని వ్యంగ్యం ఎర్రన సొంతం. ఒకే కంచంలో తినడం పొత్తు, కలిసి బతకడం పొత్తు. అంత చక్కని మాటను మన పత్రికలు ఎన్నికలకు అప్పగించి చేతులు దులుపుకున్నాయి. (వలలో పడేది కాబట్టి వలపు అంటారు కొందరు. చమత్కారం వరకు బాగుంది, వ్యుత్పత్తి అనకండి. వలపు అంటే పరిమళం కూడా.)

పడమటివారి పాత కథలోనూ ఈ తగవుంది. ట్రిస్టన్, ఇసోల్డ్ ఓడలో పొరపాటున వలపుమందు తాగేస్తారు. 12వ శతాబ్దపు ఫ్రెంచి కవి బెరూల్ చెప్పిన కథలో ఆ మందుకు మూడేళ్లే గడువు. గడువు తీరాక అడవిలో పడ్డ కష్టాలు తలచుకుని వగచి, ఇసోల్డ్ తన భర్త అయిన రాజు దగ్గరికి తిరిగి వెళ్తుంది. అయినా ప్రేమ పోదు. అక్కడే మన ‘కట్టుబడు’ అక్కరకొస్తుంది. పాతవారికి ‘కట్టువడు’ అంటే బంధంలో చిక్కడం. నేడు ‘మాటకు కట్టుబడు’ అంటే ఇష్టపడి నిలబడటం. మొదటి మూడేళ్లూ వారు కట్టువడ్డారు, ఆ తర్వాత కట్టుబడ్డారు. ఈ తేడా వ్యాకరణం ఒప్పుకోదు, రెండూ ఒకే మాట. వాడుక మాత్రం ఒప్పుకున్నట్టే ఉంది.

కాబట్టి భాగస్వాములను కొట్టేయండి. మొదటి ప్రకరణాల్లో ‘మంత్రం కట్టిన జంట’ అనో, ‘కట్టుపడిన జంట’ అనో రాసి చూడండి. ప్రేమ పుట్టాక ‘కట్టుబడ్డారు’ అనవచ్చు. శాస్త్రీయంగా వినిపించాల్సిన చోట ‘మంత్రబద్ధులు’ ఉన్నా తప్పు లేదు. ‘మంత్రబంధితులు’ సంగతి మాత్రం ఇప్పుడే తేల్చను. మంత్రం ఎవరు వేశారో రాయండి, అప్పుడు చూద్దాం.