కాలేజీ చూసి చేరాలా, ర్యాంకు చూసుకుని చేరితే చాలా?

మీ అబ్బాయికి ఇంజనీరింగ్ ఎంట్రన్స్ ఈఏపీసెట్‌లో ర్యాంకు వచ్చింది, వెబ్ ఆప్షన్లు (కావాల్సిన కాలేజీల లిస్టు) పెట్టుకోవాలి, కాలేజీలకు వెళ్ళి చూడటం అవసరమా అని అడిగారు. అవసరమేనండీ. కాకపోతే వాళ్ళు చూపిస్తే చూసి రావడం లెక్కలోకి రాదు.

మాది ముమ్మిడివరం దగ్గర పల్లె. 2013లో నన్ను చేర్చేముందు నాన్న కాలేజీ చూసే వచ్చారు. ఆ కాలేజీ పీఆర్వో ఆదివారం పూట కారు వేసుకుని ఇంటికొచ్చి మరీ తీసుకెళ్ళాడు. ఏసీ గదిలో కాఫీ ఇచ్చి సెమినార్ హాలు చూపించారట. ఆదివారం కదా, ల్యాబులకు తాళాలు. "బిల్డింగు కల్యాణ మండపంలా ఉందిరా" అన్నారు నాన్న. నిజమే, ఉంది. ఎలక్ట్రానిక్స్ ల్యాబులో మాత్రం పది ఆసిలోస్కోపులుంటే పనిచేసేవి మూడు. ఒక్కోదాని చుట్టూ ఇరవై మందిమి. వెనకున్నవాడికి ముందువాడి మెడ తప్ప ఏమీ కనపడదు. రికార్డులు మాత్రం అందరివీ బ్రహ్మాండంగా ఉండేవి, సీనియర్లవి దింపేసేవాళ్ళం కదా.

అందుకే మూడేళ్ళ కిందట చెల్లి వంతు వచ్చినప్పుడు ఎవరికీ చెప్పకుండా, సోమవారం పొద్దున్నే ఇద్దరం బస్సెక్కాం. చెల్లి లిస్టులో మొదట ఉన్న కాలేజీ హాస్టల్ ఫొటోల్లో రిసార్టులా ఉంది. వార్డెన్‌ని బతిమాలి చెల్లి లోపలికెళ్ళింది. ఐదు నిమిషాల్లో మొహం అదోలా పెట్టుకుని వచ్చేసింది. "కుళాయి నీళ్ళు ఉప్పగా ఉన్నాయన్నయ్యా. సబ్బు నురగే రావట్లేదు. తలంటుకోడానికి అందరూ ఆదివారం ఇంటికెళ్తారంట." సముద్రం దగ్గర బోరు నీళ్ళ సంగతి మన వైపు ఎవరికి తెలీదు! అయినా ఏ వెబ్‌సైట్ చెప్తుంది ఆ మాట? ఆ కాలేజీ ఒకటో నంబరు నుంచి నాలుగుకు దిగింది. గోడలకు సున్నం రాలుతున్న పాత కాలేజీ ఒకటుంది, మేం వెళ్ళేసరికి మధ్యాహ్నం మూడింటికి కూడా ల్యాబు నిండా పిల్లలే. అది పైకెళ్ళింది. ఇప్పుడు అక్కడే చదువుతోంది.

ఆప్షన్ల వరస అంత ముఖ్యం మరి. ర్యాంకు ప్రకారం మీ వంతు వచ్చినప్పుడు, మీరిచ్చిన లిస్టులో పైనుంచి చూసుకుంటూ వచ్చి, ఎక్కడ సీటు ఖాళీగా ఉంటే అది ఇచ్చేస్తారు. గడువు కూడా కొద్ది రోజులే కాబట్టి ఇప్పుడే తిరిగేయండి.

అన్నీ తిరగక్కర్లేదు. 2008లో యూనివర్సిటీ అయిన కాకినాడ జేఎన్‌టీయూ క్యాంపస్ లాంటి చోట సీటొచ్చే ర్యాంకైతే, చూడకుండానే మొదట పెట్టేయొచ్చని నా ఉద్దేశం. కోర్సుల ప్రమాణాలు చూసే జాతీయ బోర్డు ఎన్‌బీఏ గుర్తింపు కాలేజీ మొత్తానికి కాదు, బ్రాంచికి ఇస్తారు. మీవాడి బ్రాంచికి ఉందో లేదో ఇంట్లో కూర్చునే చూడొచ్చు, దానికోసం బస్సు ఛార్జీలు దండగ. ర్యాంకుకు అందే రెండు మూడింటికి వెళ్ళండి చాలు. రోజూ వాడు ఎక్కబోయే బస్సులోనే వెళ్ళండి. క్యాంటీన్‌లో టీ తాగుతూ మూడో సంవత్సరం పిల్లల్ని "ఈ సెమిస్టర్‌లో లెక్చరర్లు ఎంతమంది మారారు బాబూ" అని అడగండి. ప్లేస్‌మెంట్ల గురించి అడిగితే ఫ్లెక్సీ మీదున్న మాటే చెప్తారు, దీనికి మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతారు.

అబ్బాయిని వెంట తీసుకెళ్ళడం మర్చిపోకండి. నాన్న నన్ను తీసుకెళ్ళలేదు.