ఈషామ్ పాడినవి సైతాను పాటలేనా? డెట్రాయిట్‌లో ఉండి విన్నవాడి జవాబు

డిగ్రీ రెండో ఏడు చదువుతున్న మీ తమ్ముడు రాత్రిళ్లు తలుపేసుకుని ఈషామ్ అనే అమెరికన్ ర్యాపర్ పాటలు వింటున్నాడని, పేర్లు చూస్తే అన్నీ శవపేటికలూ నరకాలూ చావులేనని, అసలు ఇతనెవరు, ఇది సైతాను పూజలాంటిదా, మీరు భయపడాలా అని అడిగారు. సైతాను పూజ లేదు. భయపడాల్సింది మాత్రం ఒకటుంది, అది నా సొంత అనుభవం కాబట్టి చివర్లో చెప్తాను. ముందు అతని సంగతి.

నేను 2008 ఆగస్టులో ఎమ్మెస్ కోసం డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్లాను. అక్కడ మన తెలుగువాళ్లు ఎక్కువగా ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్, కాంటన్ లాంటి శివారు ఊళ్లలో ఉంటారు, సిటీలోకి పనుంటే తప్ప రారు. నేను ఉన్నది సిటీలోనే. క్యాంపస్‌లో నాతో పాటు పార్ట్ టైమ్ పనిచేసే ఒకాయన ఉండేవాడు, 35 ఏళ్లుంటాయి, ఈస్ట్ సైడ్‌లో పుట్టి పెరిగినవాడు. జనవరిలో ఒక రాత్రి మంచు పడుతూ బస్సు ఎంతకీ రాకపోతే, పద దింపుతానని తన పాత కారు ఎక్కించుకున్నాడు. అందులో ఇంకా క్యాసెట్ ప్లేయరే ఉంది. వాల్యూమ్ బటన్ ఊడిపోతే లోపలి ఇనప పుల్లనే రెండు వేళ్లతో పట్టుకుని తిప్పేవాడు. ఆ రోజు పెట్టిన క్యాసెట్ మీద అచ్చు మొత్తం బొటనవేలి రాపిడికి చెరిగిపోయి ఉంది. అది ఈషామ్ 1994లో తెచ్చిన 'క్లోజ్డ్ కాస్కెట్' అని తర్వాత చెప్పాడు.

మొదటిసారి వింటే నాకు ఒళ్లు జలదరించింది. మాటలు సగం అర్థం కాలేదు, అర్థమైన సగం ఇక్కడ రాయలేను. కానీ ఆ గొంతు నాకు కొత్త కాదు. మాది నల్గొండ దగ్గర పల్లెటూరు. అన్యాయం జరిగిన మనిషి, అడిగే దిక్కు లేక, నడివీధిలో నిలబడి దోసిళ్లతో మట్టి ఎత్తిపోస్తూ శాపనార్థాలు పెట్టడం చిన్నప్పుడు చూశాను. ఆ తిట్లు చెవులు మూసుకోవాల్సినట్టే ఉంటాయి. అయినా ఊళ్లో ఎవరూ ఆవిడకి దయ్యం పట్టిందనుకోరు, ఆమెకేం జరిగిందో అందరికీ తెలుసు కాబట్టి. ఈషామ్ విషయంలో చిక్కంతా ఇక్కడే ఉంది. తిట్లు ప్రపంచమంతా విన్నది, జరిగిందేమిటో తెలిసింది మాత్రం డెట్రాయిట్‌కే.

ఆ రాత్రి ఆయన నన్ను తిన్నగా ఇంటికి తీసుకెళ్లలేదు. గ్రేషియట్ అవెన్యూ మీదుగా పోయి ఒక సందులోకి తిప్పాడు. ఆ సందు మొత్తానికి నిలబడి ఉన్నవి నాలుగు ఇళ్లు, మిగతాదంతా తెల్లగా మంచు పరుచుకున్న ఖాళీ జాగా. ఒక ఇంటికి పై కిటికీల మీద ఏడ్చిన కళ్లకి కాటుక చెరిగినట్టు మసి. ఇంకోచోట కారు ఆపి, ఏమీ లేని మంచు వైపు వేలు చూపించి, అది మా మేనత్త వాళ్ల ఇల్లు అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

1950లో డెట్రాయిట్ జనాభా పద్దెనిమిదిన్నర లక్షలు, 1990కి పది లక్షల చిల్లరకి పడిపోయింది. కార్ల ఫ్యాక్టరీలు పోయాయి, తెల్లవాళ్లు శివార్లకి పోయారు, ఎనభైల్లో క్రాక్ కొకైన్ అనే చవక మత్తుమందు వచ్చింది. ఏటా అక్టోబర్ 30 రాత్రిని అక్కడ డెవిల్స్ నైట్ అంటారు. ఒకప్పుడు పిల్లలు గుడ్లు విసిరే అల్లరి, అది ఎనభైలకి ఇళ్లు తగలబెట్టే రాత్రిగా మారింది, 1984లో అయితే 800కి పైగా మంటలు. 1973లో పుట్టిన ఈషామ్ స్మిత్ ఇవన్నీ చూస్తూ పెరిగాడు. అందుకే 1989లో, 16 ఏళ్ల వయసులో, తెచ్చిన మొదటి ఆల్బం పేరులోనే 'హెల్' అని పెట్టాడు. 'బూమిన్ వర్డ్స్ ఫ్రమ్ హెల్'. అందులో నరకం అన్నది డెట్రాయిట్ వీధుల్నే అని తర్వాత అతనే చెప్పాడు. ఈ ఒక్క ముక్క తెలిస్తే మిగతా పాటల్లో సగం వాటంతటవే అర్థమవుతాయి.

పెద్ద కంపెనీల కోసం ఎదురుచూడలేదు. అన్న జేమ్స్‌తో కలిసి రీల్ లైఫ్ ప్రొడక్షన్స్ అని సొంత లేబుల్, అంటే పాటల కంపెనీ, పెట్టుకుని, బీట్లు కూడా తనే చేసుకుని క్యాసెట్లు అమ్ముకున్నాడు. రేడియోలో రావు, టీవీలో రావు. నన్ను కారెక్కించుకున్నాయన మాటల్లో చెప్పాలంటే స్కూల్లో ఒకడి దగ్గర ఒరిజినల్ ఉంటే క్లాసు మొత్తం కాపీ చేసుకునేదట. 1992లో 'జడ్జిమెంట్ డే' రెండు భాగాలుగా తెచ్చాడు, ఒకటి పగలు, ఒకటి రాత్రి. అప్పటికి అతనికి పద్దెనిమిదే. ఫంక్ సంగీతం, బ్లాక్ సబ్బాత్ లాంటి రాక్ బ్యాండ్ల గిటార్లు, వాటి కింద దుమ్ము కొట్టే డ్రమ్స్. తన సంగీతాన్ని యాసిడ్ రాప్ అన్నాడు. ఇలాంటి భయపెట్టే ర్యాప్‌కి ఇప్పుడు అందరూ వాడే హారర్‌కోర్ అనే మాట తర్వాత అంటుకుంది, 1994లో న్యూయార్క్ నుంచి గ్రేవ్‌డిగ్గాజ్ లాంటి బృందాలు వచ్చాక పత్రికలు బాగా పట్టుకున్నాయి. హ్యూస్టన్‌లో గెటో బాయ్స్, గ్యాంక్‌స్టా నిప్ కూడా దాదాపు అదే రోజుల్లో ఇలాంటివి చేశారు. ఎవరు ముందు అనే తగువు అభిమానుల మధ్య ఇప్పటికీ తెగదు, దానితో మీకు పనిలేదు.

మాస్టామైండ్, టీఎన్‌టీ అనే ఇద్దరితో కలిసి నేటాస్ అనే బృందం కూడా పెట్టాడు. సేటన్ అనే మాటని తిరగేస్తే నేటాస్. మీరు భయపడ్డది దీన్ని చూసే అయి ఉంటుంది. వాళ్లు మాత్రం అది 'నేషన్ ఎహెడ్ ఆఫ్ టైమ్ అండ్ స్పేస్'కి పొడి అక్షరాలని చెప్పుకున్నారు. రెచ్చగొట్టడానికే అలా పెట్టారన్నది నా అభిప్రాయం, పూజలేమీ లేవు. కానీ ఆ బృందం మొదటి ఆల్బం వింటూ ఒక 17 ఏళ్ల అబ్బాయి ప్రాణం తీసుకున్నాడని అప్పట్లో పెద్ద గొడవ అయింది. ఆ పాటల వల్లే అని నేను అనను, సంబంధమే లేదని కూడా అనలేను. ఆడవాళ్ల గురించి అతను రాసినవి చాలా చోట్ల నీచంగా ఉంటాయి. డెట్రాయిట్ కష్టాలు చెప్పి వాటిని నేను సమర్థించను. ఆ కారాయన కూడా తన కూతురు కార్లో ఉంటే ఆ క్యాసెట్ పెట్టేవాడు కాదు.

ఇతని ప్రభావం మాత్రం పేరుకి మించింది. ఇన్సేన్ క్లౌన్ పోసీ అనే డెట్రాయిట్ బృందం 1992లో తెచ్చిన మొదటి ఆల్బంలో ఈషామ్ గొంతు ఉంది. ముఖాలకి రంగులేసుకునే వాళ్లు తర్వాత లక్షల్లో అమ్ముకున్నారు. అదే ఊరి ర్యాపర్ ఎమినెమ్ 1999 నాటి ఆల్బంలో తను ఎవరెవరి కలయికో చెప్తూ మ్యాన్సన్, రాక్ గాయకుడు ఆజీల పక్కన ఈషామ్ పేరు తీసుకున్నాడు. అలా ఊరి తమ్ముడు కోట్లు సంపాదిస్తుంటే ఈషామ్ అక్కడే ఉండిపోయాడు. 2001లో ఒక పాటలో ఎమినెమ్ కూతురి ప్రస్తావన తెచ్చాడు, అది తప్పు, చిన్నపిల్లని లాగాల్సింది కాదు. ఆ ఏడాది వార్ప్‌డ్ టూర్ అనే ఊరూరా తిరిగే సంగీత ప్రదర్శనల్లో ఎమినెమ్ బృందం డీ-12 వాళ్లతో మాటలు చేతుల దాకా వెళ్లి దెబ్బలు తిన్నాడు. 2002లో ఇన్సేన్ క్లౌన్ పోసీ వాళ్ల లేబుల్ సైకోపాథిక్‌లో చేరి, 2005లో బయటికొచ్చి, మళ్లీ తన సొంత లేబుల్‌కే తిరిగొచ్చి ఆల్బంలు తెస్తూ పోయాడు.

ఆ సైకోపాథిక్ రోజుల పాటలు నాకు పెద్దగా ఎక్కవు. శబ్దం శుభ్రంగా ఉంటుంది, కానీ భయం ఎవరికోసమో వేషం కట్టినట్టు ఉంటుంది. మొదటి ఐదారేళ్ల క్యాసెట్లలో అలా కాదు, అక్కడ ప్రతి శవం వెనకా ఒక సందు పేరు, ఒక వీధి దీపం, ఒక క్రాక్ ఇల్లు వినిపిస్తాయి. ఊరు పాటలోంచి జారిపోయిన చోటల్లా అతని హారర్ కూడా పలచబడింది. ఇది నేను పదిహేనేళ్లుగా విని తేల్చుకున్న మాట, ఒప్పుకోని వాళ్లు ఉంటారు.

ఇక చివర్లో చెప్తానన్నది. 2009 జూన్‌లో జనరల్ మోటార్స్ దివాలా తీసింది, మిషిగన్‌లో ఎవరికీ ఉద్యోగాల్లేవు. నాకు వస్తుందనుకున్న ఇంటర్న్‌షిప్ పోయింది, లోన్ మీద వడ్డీ పెరుగుతోంది, ఇంటికి ఫోన్ చేస్తే అంతా బాగుందని అబద్ధం. ఆ చలికాలం నేను ఈ పాటలే వినేవాణ్ణి, అది కూడా హెడ్‌ఫోన్స్‌లో, రాత్రి రెండు దాటాక. ముందు ఊరటగానే ఉండేది, నా టెన్షన్ ఎవడో నా తరఫున అరుస్తున్నట్టు. కొన్నాళ్లకి అరుపుల పాటలు వదిలేసి చావాలనిపించే పాటలు మాత్రమే ఏరుకుని, ఒకే పాట తిప్పితిప్పి వింటున్నానని నాకే తెలిసింది. నిద్ర లేదు, తిండి సరిగా లేదు. కాంటన్‌లో ఉన్న మా బాబాయ్‌కి కార్లో ఒకసారి ఈ పాట వినిపించి ఉన్నాను, అప్పుడు ఆపెయ్‌రా అని కసిరాడు. ఆయనే ఒక ఆదివారం నా మొహం చూసి, ఇంటికి తీసుకెళ్లి, పిన్ని చేత అన్నం పెట్టించి, సాయంత్రం దాకా ఏమీ అడగకుండా కూర్చుని, ఆ తర్వాత, 'ఏదీ, ఆ పాట మళ్లీ పెట్టు, అందులో ఏముందో నాకు చెప్పు' అన్నాడు. లైను లైనుకీ ఆపి తెలుగులో చెప్తూ పోయాను. మధ్యలోనే ఏడ్చేశాను. డాక్టర్ దగ్గరికి వెళ్దామని బాబాయ్ అన్నది అప్పుడే, వెళ్లాం.

కాబట్టి మీ తమ్ముడి ఫోన్ లాక్కోకండి. ఏం వింటున్నాడో అన్నదానికంటే ఎలా వింటున్నాడో చూడండి. స్నేహితులతో బీట్ల గురించి వాదించుకుంటూ వింటుంటే బెంగపడకండి. ఒంటరిగా, నిద్ర మానుకుని, చావు పాటలే మళ్లీ మళ్లీ వింటుంటే ఊరుకోకండి. చచ్చిపోవాలని ఉందా అని సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఏ వేళప్పుడైనా.

వినడం మొదలుపెట్టాలంటే 'జడ్జిమెంట్ డే' మొదటి భాగం, పగలు అన్నది పెట్టమనండి. వాడి పక్కన కూర్చుని వినండి, అర్థం కాని చోట ఆపి వాణ్ణే చెప్పమనండి.