విండోస్‌కు అలవాటుపడ్డ నాన్నగారికి లినక్స్: థీమ్ కన్నా ముందు సర్దాల్సినవి

మీరు అడిగింది: చిక్కడపల్లిలో ఉండే నాన్నగారి కంప్యూటర్‌లో విండోస్ 10 ఉంది, 2025 అక్టోబర్ 14తో దాని సపోర్ట్ ముగిసింది. కాలనీ సంఘం నోటీసులు ఆయనే తెలుగులో టైప్ చేస్తారు. దాని బదులు లినక్స్ (ఉచితంగా దొరికే మరో ఆపరేటింగ్ సిస్టమ్) వేసి అచ్చం విండోస్‌లా కనబడే థీమ్ పెట్టొచ్చా అని.

పెట్టొచ్చు గానీ, వద్దండి. విండోస్ వేషం వేస్తే ఆయన విండోసే అనుకుంటారు. ఎవరో పంపిన విండోస్ సెటప్ ఫైల్‌ను డబుల్ క్లిక్ చేసి, తెరుచుకోవట్లేదని మీకు ఫోన్ చేస్తారు. రంగులు రెండు రోజుల్లో అలవాటైపోతాయి. చేతికి పట్టిన అలవాట్లు పోవు, సర్దాల్సింది వాటిని.

లినక్స్ రకాల్లో మింట్ వేయండి, అందులో సినమన్ అనే డెస్క్‌టాప్ ఉన్నది. ర్యామ్ 4 జీబీయే ఉంటే మింట్‌లోనే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ ఉన్నది తేలిక. సినమన్‌లో మొదట వచ్చే వెల్‌కమ్ విండోలో 'ట్రెడిషనల్' ప్యానెల్ ఎంచుకుంటే, కింది పట్టీలో ప్రతి విండో పేరుతో సహా కనబడుతుంది. ఒట్టి ఐకాన్లు పెద్దవాళ్లను తికమక పెడతాయి. ఇంకోటి ముందే చెప్పి ఉంచండి: టైప్ చేసేటప్పుడు మౌస్ చక్రం నొక్కుకుంటే, అంతకుముందు సెలెక్ట్ చేసిన ముక్క అక్కడ వచ్చి పడుతుంది. వైరస్ కాదు, లినక్స్ పద్ధతే అది.

అసలు చిక్కు తెలుగు టైపింగ్‌తో. ఆయన ఏ కీబోర్డు వాడుతున్నారో ముందు కనుక్కోండి. ఇన్‌స్క్రిప్ట్ (ప్రభుత్వ ప్రామాణిక లేఅవుట్) అయితే కీబోర్డ్ సెట్టింగ్స్‌లోని లేఅవుట్లలో తెలుగు చేరిస్తే చాలు. యాపిల్, ఆర్‌టీఎస్ అనే తెలుగు లేఅవుట్లు అలవాటున్నవారికి ఐబస్ అనే టైపింగ్ సాధనంతో పాటు దాని ఎం17ఎన్ ప్యాకేజీ కూడా కావాలి, ఆ రెండు లేఅవుట్లూ అందులో ఉన్నాయి. పెట్టాక ఒకసారి లాగవుట్ అయి రండి. చాలామంది ఇక్కడే ఆగిపోయి, లిబ్రే ఆఫీస్‌లో (లినక్స్‌లో వర్డ్ బదులు వాడేది) తెలుగు పడట్లేదని మొత్తం తీసేస్తారు.

అను ఫాంట్లలో చేసిన పాత నోటీసులు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనబడే పద్ధతి) కావు. ఆ ఫాంట్ లేనిచోట తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. విండోస్ ఉండగానే వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోండి. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ఇంకా వాడుతుంటే మాత్రం విండోస్ తీసేయకండి, పక్కన ఉంచండి.

లిబ్రే ఆఫీస్‌లో వ్యూ మెనూలోని యూజర్ ఇంటర్‌ఫేస్‌కు వెళ్లి 'ట్యాబ్డ్' ఎంచుకుంటే, పైన బటన్ల వరస వర్డ్‌ను పోలి ఉంటుంది. టూల్స్, ఆప్షన్స్, లోడ్/సేవ్ కింద జనరల్‌లో డిఫాల్ట్ ఫార్మాట్‌ను వర్డ్‌కు మార్చండి, లేకుంటే ఆయన పంపే ఫైలును జిరాక్స్ షాపువాళ్లు తెరవలేకపోవచ్చు. కాలిబ్రి బదులు కార్లిటో, కేంబ్రియా బదులు కలాడియా ఫాంట్లు వేయండి. అక్షరాల వెడల్పులు వాటికి సమానం కాబట్టి ఒక్క పేజీ ఉత్తరం రెండో పేజీలోకి జారదు.

రెండు సిస్టమ్‌లూ ఉంచితే విండోస్ గడియారం ఐదున్నర గంటలు వెనక్కి చూపిస్తుంది. లినక్స్ మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) రాస్తుంది, విండోస్ దాన్నే లోకల్ టైమ్ అనుకుంటుంది. లినక్స్ టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) timedatectl set-local-rtc 1 అని ఇవ్వండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా ఆన్ అయ్యేందుకు పూర్తిగా ఆగకుండా ఉండే సౌకర్యం) కూడా ఆపాలి, లేదంటే డీ డ్రైవ్ లినక్స్‌లో చదవడానికి తప్ప రాయడానికి రాదు.

ప్రింటర్ సంగతి ఇన్‌స్టాల్‌కు ముందే తేల్చుకోండి. 8 జీబీ పెన్‌డ్రైవ్‌తో లైవ్‌గా (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే) బూట్ చేసి ఒక పేజీ తీసి చూడండి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 అయితే హెచ్‌పీలిప్ అనే లినక్స్ ప్రింటర్ డ్రైవర్‌తో పాటు హెచ్‌పీ వారి ప్లగిన్ కూడా దింపాలి. ప్రింటర్ ఆన్ చేసిన ప్రతిసారీ దానికి ఫర్మ్‌వేర్ (ప్రింటర్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కించాలి, అది ఈ ప్లగిన్‌లోనే ఉంది.