స్లీప్‌లో కరెంటు ఎక్కువైతే తప్పు చిప్పుదేనా?

నిద్రలో (పని లేక ఆగి ఉన్నప్పుడు) 25 మైక్రోఆంపియర్లు తీసుకోవాల్సిన బోర్డు 700 దాకా తీసుకుంటోంది, భాగాలకు కరెంటు పంచే పవర్ మేనేజ్‌మెంట్ చిప్ మార్చాలా అని అడిగారు. మార్చకండి. నేను మూడు మార్చాను. మూడూ మంచివే.

నర్సంపేట దగ్గర మా మామయ్య మిరప తోటలో నేల తడి కొలిచే డబ్బా పెట్టాను. లోపల 2600 మిల్లీఆంపియర్ అవర్ల లిథియం సెల్లు. మూడేళ్లు దాని వైపు చూడనక్కర్లేదని గొప్పలు చెప్పి వచ్చాను. వినాయక చవితికి పెట్టింది సంక్రాంతి రాకముందే ఆగిపోయింది. "మోటారుకు 24 గంటలూ కరెంటు ఉంది, నీ డబ్బాకే కోత పెట్టావా అల్లుడూ?" అని ఫోన్లో నవ్వారు. 2018కి ముందు కరెంటు కోసం రాత్రిళ్లు బావి దగ్గర పడుకున్న మనిషి, ఆయన నవ్వవచ్చు.

డబ్బాను హనుమకొండ తెచ్చి మల్టీమీటరు మైక్రోఆంపియర్ల రేంజిలో పెట్టాను. అక్కడ రెండు రాత్రులు పోయాయి. ఆ రేంజిలో మీటరు లోపలి నిరోధం ఎక్కువ. కొలతలు పంపే రేడియో లేవగానే వోల్టేజి పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. అంటే నేను కొలిచింది నిద్రను కాదు, మళ్లీ మళ్లీ లేవడాన్ని. చివరికి సెల్లు తీగలో 100 ఓమ్‌ల రెసిస్టర్ వేసి, లేచేటప్పుడు దాన్ని తీగముక్కతో షార్ట్ చేసి, నిద్రపోయాక తీసేశాను. రెసిస్టర్ మీద 66 మిల్లీవోల్టులు, అంటే 660 మైక్రోఆంపియర్లు. సెన్సర్ పీకేస్తే 2.8 మిల్లీవోల్టులకు, అంటే 28 మైక్రోఆంపియర్లకు దిగింది.

నిద్రలో చిప్ ఆ సెన్సర్‌కు కరెంటు ఇచ్చే లైనును ఆపేసింది కదా? (పవర్ రైలు అనాలి, కాజీపేట పక్కన ఉండి ఆ మాట అంటే ప్లాట్‌ఫారం ఎంత అని అడుగుతారు.) సెన్సర్ మళ్లీ పెట్టి, ఆగిన లైను మీద మీటరు ఆనిస్తే 1.1 వోల్టులు! చిప్పులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఐ2సీ తీగలను పైకి లాగే రెండు 4.7 కిలోఓమ్ రెసిస్టర్లు ఎప్పుడూ బతికుండే 3.3 వోల్టుల లైనుకు ఉన్నాయి. అక్కడి నుంచి కరెంటు సెన్సర్ లోపలి రక్షణ డయోడ్ల గుండా దొడ్డిదారిన దూరుతోంది. డయోడ్ మీద పడే 0.7 వోల్టులు పోను ఒక్కో రెసిస్టర్‌కు సుమారు 0.32 మిల్లీఆంపియర్, లెక్క సరిపోయింది.

డేటాషీట్ (చిప్ వివరాలతో తయారీదారు ఇచ్చే పత్రం) మొదటి పేజీ అంకె చూసి పొంగిపోయేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. అది 25 డిగ్రీల దగ్గర, ఒంటరిగా కూర్చున్న చిప్పుది. మే నెలలో మన ఎండకు డబ్బా లోపల ఎంత ఉంటుందో ఆ రాసినవాళ్లకు ఎవరు చెప్పాలి? చవక బోర్డుల మీద ఎర్ర ఎల్‌ఈడీ ఒక్కటే మిల్లీఆంపియర్ తాగుతుంది, దాన్ని ఎందుకు పెడతారో నాకు నేటికీ అర్థం కాదు.

తెలివి వచ్చిందనుకుని ఆ రెండు రెసిస్టర్లను సెన్సర్ లైనుకు మార్చాను. ఈసారి సెన్సర్ అసలు లేవలేదు. లైను వెయ్యమని పవర్ చిప్పుకు చెప్పాల్సిందీ ఆ ఐ2సీ తీగల మీదే! తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నట్టయింది. రెసిస్టర్లను పాతచోటే పెట్టి, సెన్సర్‌ను బోర్డును నడిపే కంట్రోలర్ చిప్పులో ఖాళీగా ఉన్న వేరే రెండు కాళ్లకు (పిన్నులకు) తిప్పి, దానికి విడిగా రెసిస్టర్లు దాని లైను మీదే వేశాను. నిద్రకు ముందు ఆ కాళ్లను సున్నాకు దించాలి, మరిచిపోవద్దు. 28 మైక్రోఆంపియర్లకు వచ్చింది.

మీరూ ముందు ఆపేసిన లైను మీద ఎన్ని వోల్టులు ఉన్నాయో చూడండి. మామయ్య మాత్రం పాత సెల్లు అంటగట్టానని ఇప్పటికీ అంటున్నారు.