డ్యూటీ ఎగ్గొట్టానని పారితోషికం ఆపేశారు

ప్రశ్న: మాది గుంటూరు. లండన్‌లో నటుణ్ని. రెండేళ్లు ఒక నటుల సహకార ఏజెన్సీలో (కో-ఆప్) ఉన్నాను. సొంతవాళ్లనుకున్నవాళ్లే మీటింగులో నిలబెట్టి కడిగేసి బయటికి పంపారు. నేను చేసిన యాడ్ డబ్బు 2,400 పౌండ్లు ఏజెన్సీకి వచ్చి ఐదు నెలలైంది. ఏజెన్సీ ఆఫీసులో నా వంతు డ్యూటీ తొమ్మిది రోజులు చేయలేదని పైసా ఇవ్వడం లేదు. మూడు నెలలు దాటింది, ఇక కేసు చెల్లదని మిత్రుడంటున్నాడు. ఒప్పందం కాపీ నా దగ్గర లేదు. రెండో విడత డబ్బు నేరుగా నాకే వేయమని నిర్మాతను అడగనా? ఇంకో కో-ఆప్‌లో చేరవచ్చా?

జవాబు: మీటింగులో ఎవరేమన్నారో కోర్టుకు అక్కర్లేదు. డ్యూటీ చేయకపోతే పారితోషికంలో కోసుకోవచ్చని మీరు సంతకం చేసిన కాగితంలో ఉందా? తేలాల్సింది అదొక్కటే.

సభ్యులే వంతులవారీగా ఫోన్లెత్తి ఒకరికొకరు పాత్రలు వెతికిపెట్టుకున్నా, చట్టం దృష్టిలో అదీ ఏజెన్సీయే. ఏజెన్సీలకు పెట్టిన 2003 నాటి నిబంధనల ప్రకారం మీ తరఫున వచ్చిన సొమ్ము విడిగా క్లయింట్ ఖాతాలో ఉండాలి, 10 రోజుల్లో మీకు చేరాలి. కమీషన్ 15 శాతమనుకుంటే 360 పోను 2,040 మీది. కోత షరతు ఉంటే ఆ తొమ్మిది రోజుల మేరకు వాళ్లకో వాదన ఉంటుంది. మొత్తం బిగబట్టడానికి అది చాలదు.

రెండేళ్లు కమీషన్ కట్టి, దేనిమీద సంతకం పెట్టారో కాపీ కూడా దాచుకోలేదా? డేటా ప్రొటెక్షన్ చట్టం కింద మీ ఒప్పందం, మీ గురించి రాసుకున్న మీటింగు మినిట్స్, మీ ఖాతా లెక్క ఈ-మెయిల్‌లో అడగండి. రుసుము లేదు, మామూలుగా నెలలో ఇవ్వాలి. నిర్మాణ సంస్థ అకౌంట్స్ వాళ్ల దగ్గర చెల్లింపు తేదీ చూపే కాగితం తెచ్చుకోండి. 10 రోజుల లెక్క ఆ తేదీతోనే తేలుతుంది.

మిత్రుడు చెప్పిన మూడు నెలలు జీతం కోతల మీద ఉద్యోగుల ట్రిబ్యునల్‌కు వెళ్లేవాళ్ల గడువు. ఏజెన్సీ మీకు యజమాని కాదు. ఒప్పందపు బాకీకి ఇంగ్లండ్‌లో 1980 కాలపరిమితి చట్టం 6 ఏళ్లు ఇస్తుంది.

రెండో విడత నేరుగా వేయించుకోవడం మాత్రం వద్దే వద్దు. ఆ పని కుదిర్చింది వాళ్లు. మీరు బయటికొచ్చినా దానిమీద కమీషన్ సాధారణంగా వాళ్లదే. చేతులారా ఎదురు దావాకు దారి ఇస్తారు, ఇప్పుడున్న తిన్నని బాకీ కాస్తా లెక్కల తగాదా అవుతుంది.

14 రోజుల గడువుతో డిమాండ్ లేఖ పంపండి. నటుల యూనియన్ 'ఈక్విటీ'లో సభ్యులైతే ముందు వాళ్లకు చూపించండి. కదలకపోతే కౌంటీ కోర్టులో చిన్న దావాలు చూసే స్మాల్ క్లెయిమ్స్‌కు వెళ్లండి, 10,000 పౌండ్ల దాకా అక్కడే. ఏడాదికి 8 శాతం వడ్డీ కూడా అడగండి, ఇవ్వడం జడ్జి ఇష్టం.

కొన్ని కో-ఆప్‌లలో సభ్యులంతా డైరెక్టర్లే. కంపెనీలను నమోదు చేసే కంపెనీస్ హౌస్ రికార్డులో మీ పేరు ఇంకా ఉంటే, కొత్తదాంట్లో చేరేలోపే తీయించండి. అక్కడ నెలకు డ్యూటీ ఎన్ని రోజులు, షూటింగ్ పడితే ఆ రోజు మాఫీయా బాకీయా, చేరేటప్పుడు డిపాజిట్ తీసుకుంటే ఎప్పుడు తిరిగిస్తారు, మానేయాలంటే నోటీసు ఎన్నాళ్లు, అన్నీ రాతలో అడగండి.